కుక్కను కుక్కగానే ఉంచిన కలం

చార్లీ ముందు పళ్ళు వంకర. ఆ వంకర పుణ్యమా అని అది కింది పెదవిని పళ్ళకు ఆనించి ‘ఫ్ట్’ అని ఒక చిన్న శబ్దం చేయగలదు. బండి ఆపు, దిగి ఆ పొదకో ఈ స్తంభానికో నా మర్యాద చెల్లించుకుని వస్తాను అని ఆ శబ్దానికి అర్థం. పారిస్ శివార్లలోని బెర్సీలో పుట్టిన పూడుల్ అది. శిక్షణ కూడా ఫ్రాన్సులోనే. ఫ్రెంచిలో చెబితే చప్పున వింటుంది. ఇంగ్లీషులో చెబితే లోపల తర్జుమా చేసుకోవాలి కాబట్టి కాస్త ఆలస్యం. స్నానం చేయించిన రోజున ఒంటి రంగు నీలం. వయసు పదేళ్ళు, అంటే కుక్కల లెక్కలో పెద్దమనిషి.

దాని యజమాని జాన్ స్టైన్‌బెక్. 1960 సెప్టెంబరు 23న, 58 ఏళ్ళ వయసులో, పికప్ ట్రక్కు వీపు మీద చిన్న ఇల్లు అమర్చుకుని, చార్లీని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, న్యూయార్క్ రాష్ట్రంలో లాంగ్ ఐలాండ్ చివర ఉన్న సాగ్ హార్బర్ నుంచి అమెరికాను చుట్టి రావడానికి బయల్దేరాడు. తిరిగింది సుమారు 10,000 మైళ్ళు. 1962లో ఆ ప్రయాణం ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ అనే పుస్తకంగా వచ్చింది. ఆ ఏడాదే ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. దీన్ని అమెరికా గురించిన పుస్తకంగా చదివేవాళ్ళే ఎక్కువ. తప్పు కాదు, రచయిత ఉపశీర్షికలో చెప్పుకున్నదీ అదే. నేను మాత్రం ఇక్కడ ఆ పుస్తకంలోని పనితనం ఒక్కటే చూడాలనుకుంటున్నాను. ఒక కుక్కను వందల పేజీల పాటు పక్కన కూర్చోబెట్టుకుని, దాన్ని ఒక్కచోట కూడా మనిషిని చేయకుండా, దాని కంటికి ఈ ప్రయాణం ఎలా ఉందో మనకు తెలిసేలా ఎలా రాయగలిగాడు?

కుక్క వైపు నుంచి కథ చెప్పాలనుకున్న రచయితకు మొదట తట్టే మార్గం కుక్క చేత మాట్లాడించడం. ఆ మార్గంలో పేరున్న పుస్తకాలే వచ్చాయి. గార్త్ స్టైన్ 2008లో రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ రేసింగ్ ఇన్ ది రెయిన్’లో ఎంజో అనే కుక్క కథంతా తనే చెబుతుంది. టీవీ చూసి లోకజ్ఞానం సంపాదిస్తుంది, వచ్చే జన్మలో మనిషిగా పుడతానని నమ్ముతుంది. చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లుతాయి, అందులో సందేహం లేదు. కాని కొన్ని పేజీలు గడిచేసరికి ఎంజోకు ముక్కు ఉన్న సంగతి మనం మరిచిపోతాం. మనతో మాట్లాడుతున్నది మంచి మనసున్న ఒక మనిషి. వర్జీనియా వూల్ఫ్ 1933లో ‘ఫ్లష్’ రాసినప్పుడు అంతకంటే కష్టమైన పని పెట్టుకుంది. కవయిత్రి ఎలిజబెత్ బారెట్ పెంచిన కాకర్ స్పానియల్‌కు జీవిత చరిత్ర అది. 1846లో ఆమె రాబర్ట్ బ్రౌనింగ్‌ను పెళ్ళాడి ఇటలీకి వెళ్ళిపోయినప్పుడు ఫ్లష్ కూడా వెంట వెళ్ళింది. వూల్ఫ్ ఫ్లోరెన్స్ నగరాన్ని కళ్ళకు కాకుండా ముక్కుకూ పాదాల అడుగుకూ చూపించింది. రాతి గరుకు, ఎండకు కాగిన పలకల వేడి, తోలు వాసన, ద్రాక్షసారా వాసన. ఆ పుటలు చదివినవాళ్ళు వీధిలో నడుస్తూ గాలి పీల్చే తీరే మారిపోతుంది. అయినా ఫ్లష్ మనసులో ఏముందో వూల్ఫ్‌కు మొదటి నుంచి చివరి దాకా తెలుసు. కుక్క లోపల కూర్చుని రాసింది.

స్టైన్‌బెక్ బయటే ఉండిపోయాడు. ఆయన చార్లీని రాసిన తీరులోని బలమంతా ఇందులో ఉంది. కనిపించేది రాస్తాడు: చెవులు, తోక, నడక, ఆవులింత, ఆ ‘ఫ్ట్’. కనిపించనిదాన్ని ఊహించినప్పుడు అది తన ఊహ అని తెలిసేలా ఊహిస్తాడు. ప్రయాణంలో కుక్క అనగానే మనకు మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన శునకం గుర్తొస్తుంది. ఆ కుక్క చివరికి సాక్షాత్తు ధర్మదేవత అని తేలుతుంది, ఆ కథకు అలా తేలడమే న్యాయం. చార్లీ చివరి పేజీ దాకా చార్లీయే. దాని చర్మం కింద దేవతా లేడు, తత్వవేత్తా లేడు. చదివే మనకు ఏదో బయటపడుతుందన్న ఎదురుచూపు కూడా ఉండదు, ఎందుకంటే మొదట్లోనే రచయిత ఆ ఆశ తీసేశాడు. వంకర పళ్ళు, నీలం రంగు, పదేళ్ళ వయసు, ఫ్రెంచి. ఇచ్చినవి ఈ నాలుగు. అలంకారానికి ఇచ్చినట్టు కనిపిస్తాయి గాని ఒక్కొక్కటీ ముందు ముందు పనిలోకి వస్తుంది.

బండి సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే కుక్క ఎక్కడ కూర్చుంటుందన్నది ఈ పుస్తకంలో చిన్న విషయం కాదు. జీఎంసీ కంపెనీ పికప్ మీద అమర్చిన ఆ గదిలో ఇద్దరు పడుకునే మంచం, నాలుగు మంటల పొయ్యి, గ్యాసుతో నడిచే ఫ్రిజ్, హీటరు, దీపాలు, రసాయన మరుగుదొడ్డి, పురుగులు రాకుండా కిటికీలకు జాలీలు ఉన్నాయి. బట్టలు ఉతకడానికి స్టైన్‌బెక్ కనిపెట్టిన ఉపాయం నాకు చాలా ఇష్టం. మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్‌ను సాగే తాడుతో బీరువాలో వేలాడదీసి, నీళ్ళూ సబ్బుపొడీ బట్టలూ వేసి బండి నడుపుకుంటూ పోయేవాడు. రోడ్డు కుదుపులే ఉతికి పెట్టేవి. ఈ వయసులో ఈ సాహసమేమిటని స్నేహితులు అనుమానపడ్డారట. అందుకు జవాబుగా బండికి డాన్ కిహోటే గుర్రం పేరు, రోసినాంటే, పెట్టి పక్కన పదహారో శతాబ్దపు స్పానిష్ అక్షరాల్లో రాయించాడు. ఆ ట్రక్కు ఇప్పటికీ కాలిఫోర్నియాలో ఆయన పుట్టిన ఊరు సలినాస్‌లో, నేషనల్ స్టైన్‌బెక్ సెంటర్‌లో ఉంది. అయితే ఇన్ని హంగులున్న వెనక గదిలో కాదు, చార్లీ ప్రయాణం చేసింది ముందు క్యాబిన్‌లో, డ్రైవరు పక్క సీట్లో, మనిషి కూర్చునే ఎత్తులో. ఎదురుగా వచ్చే లోకం ఇద్దరికీ ఒకే అద్దంలో కనిపిస్తుంది. లోకానికి కూడా ఆ అద్దంలో రెండు తలలు కనిపిస్తాయి. న్యూఆర్లీన్స్‌లో ఈ అమరిక ఎంత బరువెక్కుతుందో తర్వాత చూస్తాం.

కారు ముందు సీట్లో కుక్క అమెరికాలో అప్పటికి కొత్త కాదు. 1903లో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే వైద్యుడు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్ దాకా 63 రోజుల్లో కారు నడిపి, ఆ దేశాన్ని మొదటిసారి మోటారు మీద దాటాడు. దారిలో ఐడహోలో బడ్ అనే కుక్కను ఎక్కించుకున్నాడు. దుమ్ముకు దాని కళ్ళు మండుతుంటే డ్రైవర్లు పెట్టుకునే కళ్ళజోడు తొడిగాడు. ఆ కళ్ళజోడు ఇవాళ స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. బడ్ ఫొటోలకు ఎక్కింది గాని, దాన్ని ఒక పాత్రగా నిలబెట్టే రచయిత దానికి దొరకలేదు. చార్లీకి దొరికాడు.

చార్లీకి పొద్దున్నే లేవడం అలవాటు, యజమాని కూడా లేవాలని పట్టుదల. ముందు ఒళ్ళు విదిలించి మెడ పట్టీ గలగలలాడిస్తుంది. లేవకపోతే తుమ్ములు. అప్పటికీ లేవకపోతే మంచం పక్కన బుద్ధిగా కూర్చుని, ఎంతో ఓర్పుగా, క్షమించేసినట్టుగా ముఖంలోకి చూస్తూ ఉండిపోతుంది. కుక్కను పెంచిన ప్రతి ఇంట్లోనూ ఈ మూడో పద్ధతి తెలుసు. ఇక్కడ పనితనం క్రమంలో ఉంది. శబ్దం తగ్గుతున్నకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. అన్నిటికంటే నిశ్శబ్దమైన పద్ధతికే మనిషి లొంగిపోతాడు. చార్లీ ఏమనుకుంటోందో ఒక్క మాట చెప్పకుండానే దాని బుద్ధి, మొండితనం, యజమాని మీద దానికున్న అధికారం మనకు తెలిసిపోయాయి. నవ్వు కూడా వచ్చింది. రాయడం నేర్చుకునేవాళ్ళు ఈ ఒక్క పేరాను తమ చేత్తో తిరగరాసుకున్నా దండగ కాదు.

మెయిన్ రాష్ట్రంలోని అరూస్టుక్ ప్రాంతంలో బంగాళాదుంపలు తవ్వే రోజులు. కెనడా సరిహద్దు దాటి ఫ్రెంచి మాట్లాడే కూలీ కుటుంబాలు వచ్చి గుడారాలు వేసుకున్నాయి. వాళ్ళతో మాట కలపాలని స్టైన్‌బెక్ కోరిక. కాని గడ్డం పెంచిన ఒక అపరిచితుడు, పెద్ద బండి, ఎవరు దగ్గరికి రానిస్తారు? అందుకని చార్లీని వదిలాడు. అది వెళ్ళి ఆ మంటల దగ్గర వంట వాసనల మధ్య తిరిగింది. కాసేపయ్యాక యజమాని వెళ్ళి, మా కుక్క మిమ్మల్ని ఇబ్బంది పెడుతోందేమో, క్షమించండి అన్నాడు. ఇబ్బందేమీ లేదన్నారు. మాట కలిసింది. రాత్రికి ఆ కుటుంబం రోసినాంటేలో కూర్చుని ఆయనతో కలిసి కోన్యాక్ తాగింది. కుక్క తన రాయబారి అని రచయితే చెప్పుకుంటాడు. ఈ రాయబారి ఎందుకు నెగ్గుతుందో గమనించండి. దానికి రాయబారం చేస్తున్నానన్న ఎరుక లేదు. వంట వాసన కోసం వెళ్ళింది, అంతే. మనుషుల పని తన పనిలో భాగంగా, తనకు తెలియకుండా జరిగిపోయింది. చార్లీని తెలివైన సహాయకుణ్ణి చేసి చూపించాలన్న ఆకర్షణ ఏ రచయితకైనా ఉంటుంది. స్టైన్‌బెక్ దాని ఆకలిని ఆకలిగానే వదిలేశాడు.

పుస్తకం రెండోసారి చదివినప్పుడు ఇంకో విషయం తట్టింది. బండి తోలేది స్టైన్‌బెక్ అయినా, ముఖ్యమైన మలుపులు కొన్ని చార్లీవే. నయాగరా దగ్గర కెనడాలోకి వెళ్ళి ఒంటారియో మీదుగా అడ్డదారిన పోదామనుకున్నాడు. కుక్కకు రేబిస్ టీకా వేయించిన కాగితం లేదు, తిరిగి వచ్చేటప్పుడు సొంత దేశమే దాన్ని లోపలికి రానివ్వదని సరిహద్దు అధికారి మర్యాదగా చెప్పాడు. దారి మారి ఈరీ వైపు, ఒహాయో వైపు పోయింది. ఎల్లోస్టోన్‌లోకి వెళ్ళినవాడు వెనక్కి తిరిగి వచ్చేశాడు, అదీ చార్లీ వల్లే. టెక్సస్‌లో, ఆమరిల్లోలో రోజుల తరబడి ఆగిపోవడం దాని జబ్బు వల్ల. ప్రయాణ కథలో దారిని మార్చే శక్తి ఎవరికి ఉందో వాళ్ళే పాత్ర, మిగతావాళ్ళు సామాను. ఈ సూత్రాన్ని ఆయన ఎక్కడా చెప్పలేదు, చేసి చూపించాడు.

ఎల్లోస్టోన్ ఘట్టం మీద ఇంకాస్త ఆగాలి. అమెరికాలోని మన తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో ఆర్‌వీ అద్దెకు తీసుకుని మరీ వెళ్ళే పార్కు అది, 1872 నుంచి ఉన్నది. గేటు దగ్గర రేంజరు కుక్కను చూసి జాగ్రత్త చెబుతాడు, ఎలుగుబంట్లు ఉంటాయి అని. స్టైన్‌బెక్ చార్లీ తరఫున పెద్ద వకాల్తా పుచ్చుకుంటాడు. ఇది శాంతమూర్తి, పిల్లులను కూడా తరమదు, దీనివల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదు అని వాక్యం మీద వాక్యం పేర్చుకుంటూ పోతాడు. మైలు దూరమైనా పోకముందే రోడ్డు పక్కన ఎలుగు. చార్లీ పళ్ళు బయటపెట్టి, గొంతు చించుకుని, అద్దం బద్దలుకొట్టుకుని పోయి దాని మీద పడాలన్నంత వీరావేశంతో ఊగిపోయింది. పదేళ్ళు కలిసి బతికిన కుక్కలో తానెప్పుడూ చూడని జంతువు బయటికి వచ్చింది. ఇంకో ఎలుగు, మళ్ళీ అదే. చివరికి బండి తిప్పేశాడు. ఆ రాత్రి నిద్రలో కూడా చార్లీ మూలుగుతూ, చిన్నగా మొరుగుతూ పోరాడుతూనే ఉంది.

ఈ ఘట్టాన్ని సగటు రచయిత నవ్వుతో ముగిస్తాడు. అంత పొగిడాక ఇంత రభస, హాస్యానికి కావలసిన ముడిసరుకంతా ఉంది. స్టైన్‌బెక్ నవ్వించాడు కూడా. కాని వకాల్తా వాక్యాల పొడవును, ఎలుగు కనబడ్డ తర్వాతి వాక్యాల వేగాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే అక్కడ హాస్యం కంటే పెద్దది ఒకటి జరుగుతోందని తెలుస్తుంది. నేను ఎరుగుదును అనుకున్న ప్రాణి నాకు తెలియదు అని ఒప్పుకుంటున్నాడు. బయట నిలబడి రాయడం వల్ల వచ్చిన లాభం ఇదే. లోపల కూర్చుని రాసే రచయితకు తన కుక్క ఎన్నడూ ఆశ్చర్యం కలిగించలేదు.

దీనికి జోడీ పసిఫిక్ తీరపు రెడ్‌వుడ్ చెట్ల దగ్గర జరిగే సన్నివేశం. ఎల్లోస్టోన్‌లో కుక్క అనుకున్నదానికంటే ఎక్కువ చేసింది, ఇక్కడ తక్కువ చేసింది. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చెట్లు అవి. 2006లో కొలిచిన ఒకటి 115 మీటర్లకు పైనే ఉంది. చెట్ల పట్ల ఇంత భక్తి ఉన్న చార్లీ ఆ మహావృక్షాన్ని చూసి ఏమైపోతుందోనని స్టైన్‌బెక్ ఉత్కంఠ. ఒక పెద్ద చెట్టు ఎంచి, బండి ఆపి, తలుపు తీశాడు. చార్లీ దిగింది. ఆ చెట్టు మొదలును పట్టించుకోనే లేదు. పక్కనున్న గడ్డీ గాదం వాసన చూసుకుంటూ పోయింది. పిలిచి చూపించాడు, లాభం లేదు. చివరికి ఆయన ఆకులున్న కొమ్మ ఒకటి నరికి, మొన చెక్కి, దాని ఆకులు రెడ్‌వుడ్ బెరడుకు తగిలేలా నేలలో పాతాడు. అప్పుడు చార్లీ వచ్చింది, ఆకును వాసన చూసింది, తీరిగ్గా స్థానం చూసుకుని కాలెత్తింది. రచయిత కోరిక నెరవేరింది.

కుక్క ఇంద్రియాల గురించి శాస్త్రం చెప్పేది పక్కన పెట్టుకుని ఈ సన్నివేశం చదివితే దాని కచ్చితత్వం ఇంకా బాగా తెలుస్తుంది. వాసన పట్టే గ్రాహకాలు కుక్క ముక్కులో మనకంటే కొన్ని పదుల రెట్లు ఎక్కువ. కంటికి మాత్రం నీలం, పసుపు బాగా తెలుస్తాయి గాని ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. మనిషి తల వెనక్కి వాల్చి అబ్బురపడే ఎత్తు, పేరులోనే ఉన్న ఆ ఎరుపు, రెండూ చార్లీకి లేవు. కుక్కకు చెట్టు అంటే ముక్కు ఎత్తులో ఉన్న మూరెడు మేర, అక్కడ తోటి కుక్కలు వదిలి వెళ్ళిన కబురు. గోడలా లేచిన ఆ మొదలు దానికి చెట్టే కాదు. ఆకే చెట్టు. స్టైన్‌బెక్ ఇవేవీ వివరించలేదు. ఒక కొమ్మ నరికి పాతాడు. ఆ కొమ్మ చార్లీ లోకానికీ మన లోకానికీ మధ్య వేసిన వంతెన. ఆ వంతెన కట్టినవాడు మనిషి అని, కుక్కకు దాని అవసరమే లేదని కూడా అక్కడే తెలుస్తుంది. పుస్తకం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన పుట ఇది.

మరి చార్లీ ఈ పుస్తకంలో అసలు మాట్లాడనే లేదా అంటే, మాట్లాడింది. ఒక సాయంత్రం అది పిలిచినా రాకుండా ఎటో చూస్తూ నిలబడిపోతుంది. యజమాని ఒంట్లో బాగాలేదా అని అడుగుతాడు. చార్లీ బాగానే ఉన్నాననుకుంటాను అంటుంది. ఎందుకు రాలేదంటే వినపడలేదంటుంది. ఏం చూస్తున్నావంటే, ఏమో, ఏమీ లేదంటుంది. ఈ జవాబులన్నీ తోక ఊపులోంచి వచ్చినవని రచయిత ముందే చెప్పి పెట్టాడు. పైగా ఆ జవాబుల్లో సమాచారం ఏమైనా ఉందా? ఏమీ లేదు. కుక్కకు మాట ఇచ్చి కూడా దాని రహస్యాన్ని బయటపెట్టించలేదు. మాట ఇచ్చినా ఏమీ చెప్పించకుండా ఉండగలగడం పైకి కనిపించినంత సులువు కాదు. ఎన్నో ఏళ్ళ పాటు కుక్కలతో బతికిన మనిషి నిగ్రహం అది. 1936లో ఆయన పెంచుతున్న సెట్టర్ పిల్ల టోబీ ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ రాతప్రతిని సగం దాకా చింపి పోగులు పెట్టింది. రెండు నెలల పని పోయింది. దాన్ని ఆయన పెద్దగా దండించలేదు, మళ్ళీ కూర్చుని రాసుకున్నాడు.

చార్లీ జబ్బు పడ్డ పుటలు వేగంగా చదివేసేవాళ్ళు ఉంటారు. నిదానంగా చదవాలి. ముసలి మగకుక్కలకు వచ్చే ప్రోస్టేట్ వాపు, మూత్రం రాక నరకయాతన. స్పొకేన్ దగ్గర దొరికిన మొదటి వైద్యుడి చేతులు వణుకుతుంటాయి. ఆమరిల్లోలో దొరికిన రెండో వైద్యుడు యువకుడు. అతని చేయి పడగానే చార్లీ నమ్మకంగా ఒళ్ళు అప్పగించేసింది. ఎవరు ఎంత సమర్థులో స్టైన్‌బెక్ వాదించి చెప్పడు. చేతులు చూపిస్తాడు, ఆ చేతుల కింద కుక్క ఒళ్ళు ఎలా ఉందో చూపిస్తాడు. ఇంకో సంగతి. పుస్తకం మొదట్లో ఆయన తన అనారోగ్యం గురించి, ముసలితనానికి లొంగని తన స్వభావం గురించి గట్టిగానే రాశాడు. తర్వాత తన ఒంటి ఊసు బాగా తగ్గిపోయింది. వయసు మళ్ళిన ఒంటి బాధంతా చార్లీ మీదుగా వచ్చింది. తనమీద జాలి పడకుండా ముసలితనం గురించి రాయడానికి ఆయనకు దొరికిన చోటు అది అని నా నమ్మకం.

ఈ పుస్తకంలో నిజమెంత అన్న ప్రశ్న ఉంది, దాన్ని దాటవేయకూడదు. 2010లో బిల్ స్టైగర్‌వాల్డ్ అనే పాత్రికేయుడు అదే దారిలో ప్రయాణించి, పాత కాగితాలు తిరగేసి, స్టైన్‌బెక్ చాలా రాత్రులు హోటళ్ళలోనూ స్నేహితుల ఇళ్ళలోనూ గడిపాడని, భార్య ఇలేన్ చాలా రోజులు వెంటే ఉందని, కొన్ని సంభాషణలు కల్పితం కావచ్చని రాశాడు. 2012లో వచ్చిన స్వర్ణోత్సవ ముద్రణకు పీఠిక రాసిన జే పరీనీ కూడా దీన్ని అక్షరాలా జరిగినట్టు తీసుకోవద్దని హెచ్చరించాడు. స్టైగర్‌వాల్డ్ చేసింది మంచి పని, పాఠకుడికి ఆ సంగతి తెలియాలి. తెలిశాక నాకు కొందరు మనుషుల మాటల మీద నమ్మకం తగ్గింది. ఎక్కడో ఏకాంతంలో తారసపడి, అచ్చు రచయితకు కావలసిన మాటే చెప్పి వెళ్ళిపోయే ఆ మనుషులు ఇప్పుడు పలచగా కనిపిస్తారు. చార్లీ మాత్రం పలచబడలేదు. ఎలుగును చూసి ఊగిపోయిన కుక్క, రెడ్‌వుడ్‌ను పట్టించుకోని కుక్క రచయిత ఆశకు అడ్డం తిరిగాయి. కల్పించేవాడు సాధారణంగా తన ఆశకు అనుకూలంగా కల్పిస్తాడు.

చార్లీ లేని పుటలు చదివితే చార్లీ చేసిన పని ఏమిటో బాగా తెలుస్తుంది. షికాగోలో భార్యను కలుసుకోవడానికి స్టైన్‌బెక్ కుక్కను సంరక్షణ కేంద్రంలో వదిలి అంబాసిడర్ ఈస్ట్ హోటల్‌కు వెళ్ళాడు. గది సిద్ధంగా లేదు. స్నానం చేసి కాసేపు నడుం వాలిస్తే చాలన్నాడు. అప్పుడే ఖాళీ అయిన, ఇంకా ఊడవని గది ఇచ్చారు. అక్కడ ఆయన చేసిన పని చూడండి. చెత్తబుట్టలో సగం రాసి పారేసిన ఉత్తరం, లిప్‌స్టిక్ అంటిన సిగరెట్ పీకలు, ఖాళీ విస్కీ సీసా, లాండ్రీ చీటీ. వాటిని ఒక్కొక్కటీ పట్టుకుని, ఆ గదిలో ముందు రోజు రాత్రి ఉన్న మనిషి ఎవరో, భార్యకు ఏమని రాశాడో, ఎవరితో గడిపాడో, ఎంత ఒంటరివాడో అల్లుకుంటూ పోయి, అతనికి హ్యారీ అని పేరు కూడా పెట్టాడు. పుస్తకంలో మరపురాని మనుషుల్లో ఆ కనిపించని హ్యారీ ఒకడు. పక్కన కుక్క లేని రోజున రచయిత కుక్క పని తనే చేశాడు. పోయినవాడు వదిలిన ఆనవాళ్ళను బట్టి పోయినవాణ్ణి చదివాడు. చార్లీ చెట్టు దగ్గర ఆగినప్పుడల్లా చేసేది ఇదే కదా. అన్ని రోజుల పాటు రోడ్డు పక్కన నిలబడి ఆ పని చూసినవాడి చూపు అది.

న్యూఆర్లీన్స్‌లో మళ్ళీ చార్లీని పక్కకు తప్పించాడు, ఈసారి కారణం వేరు. 1960 నవంబరు 14న విలియం ఫ్రాంట్జ్ ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్ళ రూబీ బ్రిడ్జెస్ అనే నల్లజాతి పాపను చేర్చుకున్నారు. ఫెడరల్ మార్షళ్ళ కాపలాలో ఆ పాప రోజూ బడికి నడిచి వస్తుంటే, బయట గుంపు కట్టిన తెల్లజాతి స్త్రీలు నోటికి వచ్చిన బూతులు తిట్టేవాళ్ళు. దాన్ని కళ్ళారా చూడడానికి స్టైన్‌బెక్ వెళ్ళాడు. న్యూయార్క్ నంబరు ప్లేటుతో అక్కడికి పోవడం మంచిది కాదని బండిని ఒక పార్కింగ్ స్థలంలో పెట్టి, చార్లీని అందులోనే ఉంచి, టాక్సీ ఎక్కాడు. ఆ పార్కింగ్ పనివాడు క్యాబిన్ అద్దంలోంచి చార్లీ నల్లటి ముఖం చూసి, పక్క సీట్లో ఉన్నది నల్లజాతి మనిషి అనుకున్నానని, కుక్కేనా అని తేలిగ్గా నవ్వేశాడు. అతను అన్నది అంత మర్యాదైన మాటలో కాదు. దక్షిణాది రోడ్ల మీద అదే పరిహాసం తనకు మళ్ళీ మళ్ళీ వినిపించిందని స్టైన్‌బెక్ రాశాడు. నీలం రంగు, పక్క సీటు, మనిషి ఎత్తు అని మొదట్లో ముచ్చటగా చెప్పినవే ఇక్కడ తిరిగి వచ్చాయి. ఒక్క అక్షరం వ్యాఖ్యానం అక్కర్లేకుండా ఆ పార్కింగ్ స్థలంలో నిలబడ్డ మనిషి ఎవరో, ఆ ఊరు ఎలాంటిదో తెలిసిపోయింది.

తర్వాత బడి దగ్గర దృశ్యంలో చార్లీ లేదు. ఉండకూడదు. అక్కడ కుక్క ఉంటే మన కళ్ళు ఎక్కడో ఒకచోట సేదతీరేవి. స్టైన్‌బెక్ ఆ ఊరట ఇవ్వదలచుకోలేదు. దృశ్యం ముగిశాక, తనకు ఇష్టమైన రెస్టారెంటుకు కూడా పోలేక, ఒక శాండ్‌విచ్ కొనుక్కుని ఊరు దాటి మిసిసిపీ ఒడ్డుకు చేరుకున్నాడు. ఆ దక్షిణాది పుటల్లో ఒక్కచోట మాత్రమే ఆయన చార్లీని కొలతగా పెట్టి మనుషులను కొలిచాడు. జాతి అంటే ఏమిటో దానికి తెలియదని, అణువును చీల్చగల తెలివి ఉండీ తమలో తాము శాంతిగా బతకలేని జీవజాతికి అది చెందదని రాశాడు. అంత బరువైన మాట అన్నాక రచయితలు అక్కడ ఆగిపోతారు. ఆయన ఆగలేదు. వెంటనే చార్లీ పాత ప్రేమకథ ఒకటి ఎత్తుకున్నాడు. ఒకప్పుడు అది పొట్టి కాళ్ళ డాక్స్‌హుండ్ ఒకదాని మీద మనసు పడింది. జాతి కలవలేదు, ఎత్తు కుదరలేదు, ఏ విధంగానూ అయ్యే పని కాదు. చార్లీ అవేవీ లెక్క చేయలేదు.